కారు షెడ్డు పైగుడ్డ మార్పించేటప్పుడు ఖర్చును లెక్కవేసుకునే తీరు

తిరుపతిలో స్థలం ఇరుకైన వీధుల్లోనూ, చిత్తూరు శివార్లలో కొత్తగా లేచిన కాలనీల్లోనూ ఇంటి ముందర ఇనుప పైపుల ఫ్రేము నిలబెట్టి, దాని మీద గుడ్డ బిగించి కారుకు నీడ ఏర్పాటు చేసుకున్న ఇళ్లు చాలా కనిపిస్తాయి. ఫ్రేము సరిగ్గా వేసినదైతే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పైనున్న గుడ్డ మాత్రం అంతకాలం ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వాన, ఆ నెలల్లోనే బంగాళాఖాతం వైపునుంచి వచ్చే తుపాను గాలి కలిసి దాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. మార్పిద్దామని నలుగురిని ధర అడిగితే నాలుగు రకాల అంకెలు వినిపిస్తాయి, వాటి మధ్య మూడు నాలుగు రెట్ల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఎక్కువ చెప్పినవారు దోచుకుంటున్నారని గానీ, తక్కువ చెప్పినవారు నాసిరకం అంటగడుతున్నారని గానీ వెంటనే అనుకోనక్కరలేదు. ఒకరు కేవలం గుడ్డకు, మరొకరు గుడ్డకూ కుట్టుకూ, ఇంకొకరు ఫ్రేము మరమ్మతు, బిగింపు, రవాణాతో సహా మొత్తానికి ధర చెబుతూ ఉంటారు. వాటిని విడదీసి చూడకుండా పోల్చడం వల్లనే చాలామంది తప్పు నిర్ణయానికి వస్తున్నారు.

ధర అడగడానికి ముందు అసలు మార్చవలసిన అవసరం ఉందో లేదో తేల్చుకోవాలి. గుడ్డ వెలిసిపోయినంత మాత్రాన దాని పని అయిపోయినట్టు కాదు. నిచ్చెన వేసుకుని, ఎండ ఎక్కువగా తగిలే దక్షిణం, పడమర అంచుల దగ్గర గుడ్డపై బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి సున్నంలాంటి తెల్లని పొడి అంటితే పైపూత అరిగిపోతున్నదని అర్థం. ఆ పొడి కింద నూలు పోగులు కనిపించడం మొదలైతే ఇక ఆ గుడ్డకు మరమ్మతు చేయించడం దండగ. పొడి లేకుండా, అతుకుల దగ్గర మాత్రమే విడిపోతున్నట్లయితే పోయింది దారమే. షెడ్డు కింద నిలబడి పైకి చూసినప్పుడు కుట్టు వెంబడి సూది రంధ్రాల గుండా వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంటే, గుడ్డ బాగానే ఉండి దారం మాత్రం ఎండకు పెళుసెక్కిందన్నమాట. అలాంటప్పుడు గుడ్డను విప్పించి తిరిగి కుట్టిస్తే కొత్తదానికయ్యే ఖర్చులో కొద్ది భాగంతోనే పని గడుస్తుంది. మూడో రకం నష్టం రాపిడి వల్ల కలిగేది. పైపు మీద వెల్డింగు గుత్తులు, బోల్టు తలలు ఉన్నచోట్ల గుడ్డ గాలికి కదులుతూ అరిగి చిరుగుతుంది. ఆ గుత్తులను గ్రైండరుతో నునుపు చేయించకుండా కొత్త గుడ్డ వేస్తే, అదీ అక్కడే చిరుగుతుంది.

కొలతల దగ్గరే మొదటి తేడా

"మాది పది బై పద్దెనిమిది షెడ్డు" అని చెప్పి చదరపు అడుగు ధరతో 180ని గుణించుకుంటే వచ్చే మొత్తం ఎప్పుడూ అసలు బిల్లు కంటే తక్కువగానే ఉంటుంది. ఆ 180 చదరపు అడుగులు నేల మీద షెడ్డు ఆక్రమించిన చోటు మాత్రమే. గుడ్డకు వాలు ఉంటుంది, పక్కలకు కొంత జారు ఉంటుంది, నాలుగు అంచుల్లోనూ తాడు లేదా పైపు దూర్చడానికి మడత కావాలి. వీటన్నిటినీ కలుపుకుంటే పది బై పద్దెనిమిది షెడ్డుకు కావలసిన గుడ్డ పదకొండున్నర బై ఇరవై అవుతుందనుకుందాం. అంటే 230 చదరపు అడుగులు.

ఇక్కడితో లెక్క ఆగదు. గుడ్డ రోలుగా వస్తుంది, రోలు వెడల్పు స్థిరంగా ఉంటుంది. రెండు మీటర్ల వెడల్పు రోలు అంటే సుమారు ఆరున్నర అడుగులు. పదకొండున్నర అడుగుల వెడల్పు రావాలంటే ఇరవై అడుగుల పొడవున రెండు ముక్కలు కోయాలి, అప్పుడు కొనవలసినది సుమారు 262 చదరపు అడుగులు. అదే రెండున్నర మీటర్ల రోలైతే, అడ్డంగా మూడు ముక్కలు కోసినా 280 దాటుతుంది. వెడల్పు రోలులో అతుకులు తక్కువ పడతాయని అందరూ అంటారు గానీ, ఈ కొలతకు సన్న రోలే లాభం. మీ షెడ్డు కొలత వేరైతే ఈ లెక్క తిరగబడవచ్చు. కాబట్టి చేసేవారి దగ్గర ఏ వెడల్పు రోలు ఉందో, అందులోంచి ముక్కలు ఎలా కోస్తారో కాగితం మీద గీసి చూపించమని అడగడంలో తప్పులేదు. తరుగు మీరు భరించేటప్పుడు ఆ మిగులు ముక్కలు కూడా మీవే. వాటిని అడిగి తీసుకుని ఉంచుకుంటే రేపు చిన్న చిరుగుకు అతుకు వేయడానికి అదే రంగు, అదే రకం గుడ్డ చేతిలో ఉంటుంది.

కొలవవలసింది ఫ్రేమునే గానీ పాత గుడ్డను కాదు. కొన్నేళ్లు బిగువులో ఉన్న గుడ్డ ఒకవైపు సాగి, మరోవైపు ముడుచుకుపోయి ఉంటుంది. నాలుగు భుజాలతో పాటు మూలనుంచి మూలకు రెండు కర్ణాలను కూడా కొలవాలి. ఆ రెండూ సమానంగా లేకపోతే ఫ్రేము ఒకపక్కకు ఒరిగిందని తెలుస్తుంది, ఆ తేడాకు తగ్గట్టు కోయకపోతే కొత్త గుడ్డ ఎంత లాగినా ఒక మూల ముడతలు పడుతూనే ఉంటుంది.

ఏ గుడ్డకు ఎంత

బజారులో చౌకగా దొరికేది అల్లిన ప్లాస్టిక్ టార్పాలిన్, అంటే వరికుప్పల మీదా లారీ సరుకు మీదా కప్పే పట్ట. ఒక వేసవిని కాస్తుంది, రెండో వేసవికి మడతల దగ్గర పొరలు లేచిపోతుంది. తాత్కాలికానికి తప్ప దీన్ని షెడ్డుకు వాడకపోవడమే మేలు. షేడ్ నెట్ ధర కూడా తక్కువే. దాని గుండా వేడిగాలి పైకి పోతుంది, పెనుగాలి కూడా కొంత దాటిపోతుంది కనుక ఫ్రేము మీద భారం తగ్గుతుంది. వాన నుంచి మాత్రం రక్షణ ఉండదు. ఎండ ఒక్కటే మీ బాధ అయితే, ముఖ్యంగా కింద కారు కాక మనుషులు కూర్చునే చోటైతే, మందపాటి షేడ్ నెట్టే సరైన ఎంపిక అని నా అభిప్రాయం. వాన కూడా ఆగాలంటే పీవీసీ అనే ప్లాస్టిక్ పూత పూసిన పాలిస్టరు గుడ్డ కావాలి. టెన్సైల్ షెడ్లని, అంటే గుడ్డను బిగువుగా లాగి కట్టే షెడ్లని చెప్పి వేసేవాటిలో ఎక్కువగా వాడేది ఇదే.

పీవీసీ గుడ్డలోనే ధరల తేడా అంతా దాగి ఉంటుంది. దీని మందాన్ని జీఎస్ఎం లెక్కన, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కన చెబుతారు. 650 అని చెప్పి 450 వేసినా కంటితో చూసి పట్టుకోవడం కష్టం. తూచి పట్టుకోవడం మాత్రం చాలా తేలిక. నమూనా ముక్కను సరిగ్గా పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి, బంగారం తూచే కాటా మీద పెట్టించండి. వచ్చిన గ్రాములను 100తో గుణిస్తే జీఎస్ఎం వస్తుంది. ఆరున్నర గ్రాములు తూగితే 650, నాలుగున్నర తూగితే 450. నగల దుకాణానికి కొదవలేని ఊళ్లో ఈ పరీక్షకు పెద్ద ప్రయాస అక్కరలేదు.

బరువు ఒక్కటే సరిపోదు. పూత పూసిన గుడ్డ వేరు, రెండు ప్లాస్టిక్ పొరల మధ్య నూలు వలను అంటించిన గుడ్డ వేరు. ప్రచారపు ఫ్లెక్సీలు రెండో రకానివి. నమూనా ముక్క మూలను బ్లేడుతో కొద్దిగా గీరి, గోటితో పొరను లేపి చూడండి. పొర కాగితంలా ఊడి వస్తే అది అంటించినదే, షెడ్డు మీద ఎండకు పొరలు విడిపోయి, వాననీరు వాటి మధ్యకు చేరి బుడగలు లేస్తాయి. పూత పూసినదైతే ప్లాస్టిక్ నూలు పోగులను పట్టుకుని ఉంటుంది, సులువుగా విడిపోదు. ఖరీదైన రకాలకు పీవీసీ పూత పైన పీవీడీఎఫ్ అనే మరో సన్నని పూత ఉంటుంది. అది అతినీలలోహిత కిరణాలకు తట్టుకుంటుంది, దుమ్మును కూడా అంతగా పట్టనివ్వదు. దాన్ని వేస్తున్నామని చెబితే గుడ్డ తయారీదారు ఇచ్చిన వివరాల కాగితం చూపించమనాలి, నోటిమాటకు ఎక్కువ ధర చెల్లించకూడదు.

రంగు గురించి ఒక్క మాట. ముదురు రంగు గుడ్డ ఎండను పీల్చుకుని కింద వేడి పెంచుతుంది. తెలుపు, లేత గోధుమ రంగులు చల్లగా ఉంటాయి గానీ చింత, వేప చెట్ల కింద అయితే మరకలు బాగా కనిపిస్తాయి.

కుట్టు, అతుకు

మంచి గుడ్డ కొని మామూలు దారంతో కుట్టిస్తే ఆ గుడ్డకు పెట్టిన డబ్బులో సగం వృథా అయినట్టే. ఎండ ముందుగా తినేది దారాన్నే, ఎందుకంటే అది సన్నగా ఉండి, గుడ్డ పైభాగాన ఏ పూతా లేకుండా బయటపడి ఉంటుంది. అందువల్ల పీవీసీ గుడ్డకు వేడితో అతికించే పద్ధతి మంచిది. వేడిగాలి యంత్రంతో గానీ, అధిక పౌనఃపున్యపు యంత్రంతో గానీ రెండు అంచులను కరిగించి ఒకటి చేస్తారు, అందులో సూది రంధ్రాలే ఉండవు. ఆ యంత్రం అందరి దగ్గరా ఉండదు. లేనివారితో చేయిస్తున్నట్లయితే, ఎండను తట్టుకునే మందపు పాలిస్టరు దారంతో రెండు వరుసల కుట్టు వేయించాలి. అతుకు వాలుకు అడ్డంగా పడేచోట పై ముక్క అంచు కింది ముక్క మీదికి రావాలి, పెంకుటింటి మీద పెంకులు పరిచినట్టు. ఇది తలకిందులైతే ప్రతి వానకూ నీరు అతుకులోకే నడుస్తుంది.

మూలల దగ్గర రెండు మూడు పొరల బలపు ముక్కలు వేశారో లేదో, ఐలెట్లు, అంటే తాడు దూర్చే లోహపు కన్నాలు, ఎంత దూరానికి ఒకటి పెట్టారో, అవి తుప్పు పట్టని ఇత్తడివో, స్టెయిన్‌లెస్ స్టీలువో అడిగి తెలుసుకోవాలి. ధర తగ్గించవలసి వచ్చినప్పుడు పనివారు మొట్టమొదట కోత వేసేది ఇక్కడే, ఎందుకంటే బిగించిన రోజున ఎవరూ గమనించరు. గాలికి గుడ్డ మొదట చిరిగేది కూడా ఈ మూలల దగ్గరే.

ఫ్రేము, గాలి

గుడ్డ విప్పిన రోజునే ఫ్రేమును పూర్తిగా చూడటానికి వీలవుతుంది. స్తంభం నేలను తాకేచోట, నీరు నిలిచే అర అడుగు ఎత్తులో, స్పానరుతో తట్టి చూడాలి. గట్టి పైపు ఖంగున మోగుతుంది. లోపల తుప్పు తిన్న పైపు మొద్దుగా వినిపిస్తుంది. జింకు పూత పూసిన జీఐ పైపు కదా, తుప్పు పట్టదని ధీమాగా ఉండటానికి వీల్లేదు. వెల్డింగు చేసినచోట ఆ పూత కాలిపోతుంది, అక్కడ జింకు పెయింటు వేయకపోతే తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. పులికాట్ సరస్సు అంచున, సూళ్లూరుపేట, తడ వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ అతుకులను ఇంకా శ్రద్ధగా చూడాలి. వెల్డింగు, పెయింటు పనులన్నీ గుడ్డ బిగించడానికి ముందే అయిపోవాలి. గుడ్డ వేశాక వెల్డింగు పెడితే నిప్పురవ్వ పడ్డచోటల్లా రంధ్రమే.

ఫ్రేముకూ, కింది బోల్టులకూ ఖర్చు ఎందుకని కొందరు వాదిస్తారు. గాలి బలం ఎంతో లెక్క తెలిస్తే ఆ మాట అనరు. భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఐఎస్ 875 మూడో భాగంలోని సూత్రం ప్రకారం, గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 20 మీటర్లు, అప్పుడు ఒత్తిడి 240 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు సుమారు 24 కిలోల బరువు. మన 180 చదరపు అడుగుల షెడ్డు 16.7 చదరపు మీటర్లు కాబట్టి, మొత్తం మీద సుమారు 400 కిలోలు అవుతుంది. షెడ్డు ఆకారాన్ని బట్టి, పక్క గోడలను బట్టి ఇది మారుతుంది గానీ, స్తంభాల కాళ్లను పైకి పెకలించే బలం ఎలాంటిదో ఇందులో తెలుస్తుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే బలం రెండింతలు దాటుతుంది. 2020 నవంబరులో నివర్, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానులను చూసిన ప్రాంతం మనది. అందుకే గుడ్డను ఫ్రేముకు శాశ్వతంగా రివెట్లు కొట్టి బిగించే పద్ధతి కంటే, ఐలెట్ల గుండా తాడు అల్లి, టర్న్‌బకిల్‌తో, అంటే తిప్పితే తాడు బిగిసే మరతో, బిగించే పద్ధతికి కాస్త ఎక్కువ పెట్టడం మంచిదని నేను గట్టిగా చెబుతాను. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక జారీ చేసినప్పుడు ఇద్దరు మనుషులు కలిసి దాన్ని విప్పి మడిచి లోపల పెట్టుకోగలగాలి.

వాలు చాలకపోతే వాననీటి బరువు కూడా గుడ్డకు ముప్పే. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు మేర గుడ్డ కుంగి, సగటున ఐదు సెంటీమీటర్ల లోతున నీరు నిలిస్తే అది 200 లీటర్లు, అంటే 200 కిలోలు. పాత గుడ్డ మధ్యలో కుంగి ఉంటే, అది గుడ్డ లోపమని అనుకుని అదే ఫ్రేముకు కొత్తది వేయించకుండా, మధ్యలో ఒక ఆర్చి పైపు పెట్టించి గానీ, ఒకవైపు స్తంభాలను ఎత్తించి గానీ వాలు పెంచాలి. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లవారు కోతుల సంగతి కూడా ముందే చెప్పి, గుడ్డ మరీ వదులుగా ఊగకుండా చూడమనాలి.

చౌక గుడ్డా, మంచి గుడ్డా

ఈ లెక్కకు కింది అంకెలను ఉదాహరణ కోసమే వేస్తున్నాను. మీకు వచ్చిన కొటేషన్లలోని అంకెలను వాటి చోట పెట్టుకోండి. చౌక పట్ట రూ.6,000, విప్పి బిగించే కూలి రూ.2,500, మొత్తం రూ.8,500, మన్నిక రెండేళ్లు అనుకుందాం. ఏడాదికి రూ.4,250 పడుతుంది. మంచి పీవీసీ గుడ్డ అతుకుతో సహా రూ.17,000, కూలి అదే రూ.2,500, మొత్తం రూ.19,500, మన్నిక ఎనిమిదేళ్లు అనుకుంటే ఏడాదికి సుమారు రూ.2,440 అవుతుంది. మంచి గుడ్డ నాలుగున్నరేళ్లు దాటి నిలిచిందంటే చౌకదానికంటే లాభమే. చౌక గుడ్డ మార్చిన ప్రతిసారీ కూలి మళ్లీ మళ్లీ చెల్లించాలి, గుడ్డ ధర మాత్రమే చూసేవారు ఈ సంగతి మరిచిపోతారు.

అయితే ఈ లెక్క ఎప్పుడూ ఖరీదైన గుడ్డ వైపే మొగ్గదు. ఫ్రేము ఇంకో మూడేళ్లకు మించి నిలిచేటట్టు లేకపోయినా, మీరు అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లలో ఖాళీ చేసేటట్టు ఉన్నా, ఆ రూ.19,500ను మూడేళ్లకు పంచితే ఏడాదికి రూ.6,500 అవుతుంది. అప్పుడు చౌకదే సరైనది. ఎవరి ఇంటి పరిస్థితికి తగ్గట్టు వారు ఏళ్ల సంఖ్యను నిజాయితీగా వేసుకోవాలి.

కొటేషన్ అడిగేటప్పుడు

"మొత్తం ఎంతవుతుంది?" అనే ప్రశ్నకు మొత్తమే జవాబుగా వస్తుంది. దాని బదులు గుడ్డ రకం, జీఎస్ఎం, కొనే విస్తీర్ణం, చదరపు అడుగు ధర ఒక వరుసలోనూ; కుట్టు లేదా అతుకు, ఐలెట్లు మరో వరుసలోనూ; పాతది విప్పడం, కొత్తది బిగించడం, రవాణా ఇంకో వరుసలోనూ; ఫ్రేము మరమ్మతు, పెయింటు విడిగానూ రాసివ్వమని అడగాలి. జీఎస్టీ కలిపి చెబుతున్నారా, విడిగా వేస్తారా అన్నది కూడా అందులోనే రాయించాలి. ఇలా రాయించుకున్న రెండు మూడు కొటేషన్లను పక్కపక్కన పెడితే, తేడా ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. ఒకరి గుడ్డ ధర, మరొకరి బిగింపు కూలి బాగుంటే ఆ సంగతి చెప్పి బేరమాడవచ్చు కూడా. ఫ్రేము మరమ్మతుకు ముందే ఖచ్చితమైన ధర చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు, గుడ్డ విప్పాకే అది తెలుస్తుంది. కాబట్టి పైపు మార్చవలసి వస్తే అడుగుకు ఎంత, స్తంభం కింద వేసే కొత్త బేస్ ప్లేటుకూ, దాన్ని నేలకు బిగించే యాంకర్ బోల్టులకూ ఎంత అని రేటు మాత్రం ముందే ఖాయం చేసుకోవాలి.

వారంటీ ఇస్తామంటే దేనికి ఇస్తున్నారో అడగండి. తయారీదారు వారంటీ సాధారణంగా గుడ్డకే ఉంటుంది. కుట్టుకూ, విప్పి మళ్లీ బిగించే కూలికీ, పెనుగాలి నష్టానికీ ఉండకపోవచ్చు. కుట్టు, అతుకులకు పనివారు తమ వైపునుంచి ఎంతకాలం పూచీ పడతారో బిల్లు వెనుక ఒక వాక్యం రాసి సంతకం చేయించుకుంటే చాలు.

సమయం కూడా ధరను మారుస్తుంది. ఎండలు మొదలయ్యే మార్చిలో అందరూ ఒకేసారి పరుగెడతారు. గంగమ్మ జాతర రోజుల్లో, బ్రహ్మోత్సవాలకు ముందు, పెళ్లి ముహూర్తాల్లో పందిళ్లు వేసేవారికీ వెల్డింగు షాపులకూ చేతినిండా పని ఉంటుంది. జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి వరకు వాన వెనకబడి, ఎండ ముదరక ముందు చేయించుకుంటే పనివారికి తీరిక ఉంటుంది, పని నెమ్మదిగా సరిగ్గా సాగుతుంది. చల్లని వేళ బిగించిన పీవీసీ గుడ్డ మే నెల వేడికి కొద్దిగా సాగుతుంది కనుక, రెండు మూడు నెలల తర్వాత ఒకసారి వచ్చి బిగువు సరిచేసి వెళ్లడం కూడా మొదటి ధరలోనే కలిపి మాట్లాడుకోవాలి.

అడ్వాన్సు గుడ్డ కొనడానికి సరిపడేంత ఇస్తే చాలు. మిగతా సొమ్ములో కొంత భాగాన్ని నీటి పరీక్ష అయ్యేవరకు చేతిలో ఉంచుకోండి. బిగింపు పూర్తయ్యాక పైపుతో గుడ్డ పైభాగాన పావుగంట నీరు పట్టి, అతుకుల కింద నిలబడి చూడాలి. నీరు ఎక్కడా నిలవకుండా వాలు వెంట జారిపోయి, అతుకుల కింద చెమ్మ లేదని నిర్ధారించుకున్నాకే లెక్క ముగించాలి. విప్పిన పాత గుడ్డను పనివారికి వదిలేయకండి. చిరగని భాగాలు కోసి పెట్టుకుంటే గడ్డివాము మీద కప్పడానికో, వేరుశనగ ఆరబోయడానికో ఎవరైనా అడిగి తీసుకుంటారు. తీసేసిన ఇనుప పైపులను పాత ఇనుము దుకాణంలో కిలో లెక్కన వేస్తే వచ్చే సొమ్మును బిగింపు కూలికి జమ చేసుకోవచ్చు.